ఊరు లేనివారికి ఒక కాగితము: ఫ్రిట్యోఫ్ నాన్సెన్ గారి జీవితము

శతవార్షికోత్సవ సంచికలో వ్యాసము వ్రాయమన్నప్పుడు మన పెద్దలు సాధారణముగా మిషనరీల జీవితములనో, తొలి దేశీయ బోధకుల జీవితములనో ఎన్నుకొంటారు. అది న్యాయమే. అయితే మేము ఈ సంచిక కొరకు ఎన్నుకొన్న మనిషి మిషనరీ కాడు, బోధకుడు కాడు, నిజము చెప్పవలెనంటే విశ్వాసియు కాడు. లూథరన్ సంఘము ప్రబలముగానున్న నార్వే దేశములో భక్తిగల తండ్రి ఇంట పుట్టియు, పెద్దవాడైన పిమ్మట సంఘ విశ్వాసమును విడిచిపెట్టిన శాస్త్రజ్ఞుడు ఆయన. అట్టివాని కథ మన అధ్యక్ష ఖండ సంచికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. ప్రతి ఆదివారము విజ్ఞాపన ప్రార్థనలో రోగుల తరువాతను, ప్రయాణికుల తరువాతను కాందిశీకుల కొరకు మనము ప్రార్థిస్తున్నాము. ఆ ఒక్క మాట క్రింద ఎన్ని రకముల మనుష్యులు నిలిచియున్నారో, వారి చేతిలో ఏ కాగితము ఉన్నది, ఏ కాగితము లేదు అనుదానినిబట్టి వారి బ్రతుకులు ఎంతగా మారిపోవునో మనము ఆలోచించుట తక్కువ. ఆ కాగితమును మొట్టమొదట లోకమునకు ఇచ్చినవారు నాన్సెన్ గారే.

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ గారు 1861 అక్టోబరు 10న క్రిస్టియానియా పట్టణము సమీపమున జన్మించారు. ఆ పట్టణమునే ఇప్పుడు ఓస్లో అంటున్నారు. చిన్ననాటినుండి మంచుమీద స్కీలతో తిరుగుట ఆయనకు నీటిలో చేప ఈదినట్లు వచ్చేది. చదివినది జంతుశాస్త్రము. బెర్గెన్ పట్టణపు మ్యూజియములో ఉద్యోగము చేస్తూ, క్షుద్రజీవుల నరముల నిర్మాణమును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, 1888లో డాక్టరు పట్టము పొందారు. అదే సంవత్సరము ఐదుగురు తోడివారితో గ్రీన్లాండు మంచు పీఠభూమిని తూర్పునుండి పడమటికి దాటారు. అంతకు పూర్వము ప్రయత్నించినవారు జనులున్న పడమటి తీరమునుండి బయలుదేరేవారు. కష్టము వచ్చినప్పుడు వెనుకకు తిరిగి రావచ్చునని వారి ధైర్యము. నాన్సెన్ గారు దానిని తిరగవేశారు. నిర్జనమైన తూర్పు తీరమున దిగినవానికి వెనుక ఏమియు లేదు. బ్రతుకు కావలెనంటే ముందుకే నడవవలెను. ఈ స్వభావమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాత జెనీవాలో ప్రభుత్వముల ఎదుట నిలిచినప్పుడు కూడ ఆయన ఇట్లే ప్రవర్తించారు.

1893లో ‘ఫ్రామ్’ అను ఓడలో ఉత్తర ధ్రువ ప్రాంతమునకు ప్రయాణమైనారు. ఓడను మంచులో కావలెననియే చిక్కించి, సముద్ర ప్రవాహము దానిని ఎటు మోసికొనిపోవునో చూడవలెనని ఆలోచన. పెద్ద పండితులు నవ్వారు. ఓడ చెక్కు చెదరలేదు. 1895 మార్చిలో యోహాన్సెన్ అను ఒక్క సహచరునితో ఓడను విడిచి, కుక్కలబండ్లతో 86 డిగ్రీల 14 నిమిషముల ఉత్తర అక్షాంశము వరకు వెళ్లారు. అప్పటికి మానవుడు అంత దూరము చేరియుండలేదు. తిరుగు ప్రయాణములో చలికాలము ముంచుకొని రాగా, ఫ్రాన్స్ జోసెఫ్ ద్వీపములలో రాళ్లు పేర్చి, వాల్రస్ చర్మములు కప్పిన గుడిసెలో నెలల తరబడి ఎలుగుబంటి మాంసము తింటూ గడిపారు. 1896 జూనులో జాక్సన్ అను ఆంగ్ల అన్వేషకుడు వారిని అనుకోకుండా కలిసికొన్నాడు. ఇల్లు, ఊరు, పేరు ఏదియు తెలుపుటకు ఒక్క సాక్ష్యము లేక, మసిపట్టిన ముఖముతో పరాయివాని ఎదుట నిలిచిన అనుభవము నాన్సెన్ గారికి కలిగినది. అయితే ఆ పరాయివాడు ఆయనను చూచి పేరు పోల్చుకొన్నాడు. కాందిశీకుని ఆ విధముగా పోల్చుకొనువారు ఉండరు.

తరువాతి ఇరువది సంవత్సరములను క్లుప్తముగా చెప్పుతాము. 1905లో నార్వే స్వీడన్ నుండి విడిపోయినప్పుడు ఆయన మాట చాల విలువ గలదైనది. 1906 నుండి 1908 వరకు లండనులో నార్వే రాయబారిగా ఉన్నారు. 1907 డిసెంబరులో భార్య ఈవా మరణించారు. మంచి గాయని ఆమె. ఆయన మరల సముద్ర శాస్త్రమునకు మళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధము రాకపోయినయెడల ఆయన పేరు భూగోళ పుస్తకములలో మాత్రమే ఉండేది.

1920 ఏప్రిల్ లో నానాజాతి సమితివారు ఆయనకు ఒక పని అప్పగించారు. యుద్ధము ముగిసి ఏడాదిన్నర గడిచినను లక్షలాది ఖైదీలు సైబీరియాలోను, ఐరోపాలోను శిబిరములలో మ్రగ్గుచుండిరి. సోవియట్ ప్రభుత్వము సమితిని గుర్తించలేదు. కాని నాన్సెన్ అను వ్యక్తితో మాట్లాడుటకు ఒప్పుకొన్నది. ఆయన ఓడలు కుదిర్చి, రెడ్ క్రాసువారి సాయముతో, 1922 నాటికి 4 లక్షలకు పైబడిన ఖైదీలను స్వదేశములకు చేర్చారు. ఈ పని కఠినమే అయినను ఒక విధముగా తేలిక. ఎందుకనగా ప్రతి ఖైదీకి తిరిగి పోవుటకు ఒక దేశమున్నది. ఆ దేశము వానిని తనవాడని చెప్పుచున్నది. స్వదేశ పునరాగమనమని దీనికి పేరు. అసలు చిక్కు ఆ తరువాత వచ్చినది.

రష్యా విప్లవములోను, అంతర్యుద్ధములోను ఓడిపోయినవారు, భయపడినవారు, ఆకలికి పారిపోయినవారు కలిసి పది లక్షలకు మించి దేశము విడిచారు. 1920 నవంబరులో క్రిమియానుండి సుమారు లక్షన్నర మంది ఓడలెక్కి కాన్స్టాంటినోపిలు చేరారు. 1921లో నాన్సెన్ గారు ఈ రష్యా కాందిశీకులకు హైకమిషనరు పదవిని స్వీకరించారు. ఆ డిసెంబరులోనే సోవియట్ ప్రభుత్వము ఒక శాసనము చేసి, అనుమతి లేక విదేశమున ఉండిపోయిన వారిలో అత్యధికుల పౌరసత్వమును రద్దు చేసినది. నిన్నటివరకు రష్యావారు, తెల్లవారేసరికి ఏ దేశమువారును కారు. పాసుపోర్టు లేనివాడు సరిహద్దు దాటలేడు. ఉన్నచోట పనికి అనుమతి లేదు. పని ఉన్న దేశమునకు పోవుటకు వీసా లేదు. ఒక దేశము బయటికి నెట్టితే రెండవ దేశము లోనికి రానీయక మరల మొదటి దేశమునకు నెట్టేది.

దీనికి నాన్సెన్ గారు చూపిన ఉపాయము ఎంత చిన్నదో చూడండి. 1922 జూలైలో జెనీవాలో ప్రభుత్వముల ప్రతినిధులను సమావేశపరచి, ఒక గుర్తింపు పత్రమునకు ఒప్పించారు. ఒక్క కాగితపు షీటు. కాందిశీకుడు ఉన్న దేశపు ప్రభుత్వమే దానిని ఇస్తుంది. సాధారణముగా ఒక సంవత్సరము చెల్లుతుంది. అది పౌరసత్వము కాదు. ఓటు లేదు. ఇచ్చిన దేశము మరల రానిచ్చుననే హామీ కూడ తొలుత లేదు. ఈ మనిషి ఫలానా, రష్యాలో పుట్టినవాడు, ఇప్పుడు వేరు పౌరసత్వము లేనివాడు అని ఒక ప్రభుత్వము ముద్రవేసి చెప్పుట మాత్రమే. అంత మాత్రమునకే వీసా వేయుటకు చోటు దొరికినది. లోకము దానిని నాన్సెన్ పాసుపోర్టు అన్నది. కాలక్రమమున 50కి పైగా ప్రభుత్వములు దానిని అంగీకరించినవి. సుమారు నాలుగున్నర లక్షలు ఇచ్చియుందురని అంచనా. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ కూడ ఆ కాగితము పట్టుకొని తిరిగినవారే. 1926 ఏర్పాటులో తిరిగివచ్చు హక్కును కొంత బలపరచి, స్తోమతగల కాందిశీకులు ఐదు బంగారు ఫ్రాంకుల బిళ్ల కొని పత్రముపై అంటించవలెనని, ఆ సొమ్ము పేద కాందిశీకులకు వెచ్చించవలెనని నిర్ణయించారు. బిళ్లపై నాన్సెన్ గారి బొమ్మయే ఉండేది. మన సంఘములలో పిడికెడు బియ్యము ఎత్తిపెట్టు స్త్రీలకు ఈ పద్ధతి వెంటనే అర్థమగును.

1924లో ఆ పత్రమును ఆర్మీనియనులకు, 1928లో అష్షూరు క్రైస్తవులకును, మరికొందరు టర్కీ దేశస్థులకును విస్తరింపజేశారు. ఆర్మీనియనులు మనకు బొత్తిగా తెలియనివారు కారు. మచిలీపట్నములోను, మద్రాసులోను వర్తకము చేసిన పాత క్రైస్తవ జాతి వారు. 1915 నాటి సంహారమును తప్పించుకొన్న వారిని ఎరెవాన్ సమీప భూములకు నీరు పారించి స్థిరపరచవలెనని నాన్సెన్ గారు 1925లో స్వయముగా వెళ్లి పథకము సిద్ధముచేశారు. అప్పు ఇచ్చుటకు ప్రభుత్వములు ముందుకు రాలేదు. సంవత్సరముల తరబడి అడిగి, చివరకు ఆ ఆశ వదులుకొన్నారు. అంతకు ముందు 1921లో వోల్గా తీరపు కరవునకు ధనము కావలెనని సమితి ఎదుట మొరపెట్టినప్పుడు కూడ ప్రభుత్వములు చేతులు ముడుచుకొన్నవి. దాతల చందాలతోను, స్వచ్ఛంద సంఘముల సాయముతోను చేయగలిగినంత చేశారు. 1922లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ఆ సొమ్మును సహాయ కార్యములకే ఇచ్చివేశారు.

ఆయన జీవితములో మాకు మింగుడు పడని ఘట్టము ఒకటి గలదు. దానిని దాచుట మంచిది కాదు. 1922లో స్ముర్నా పతనమైన తరువాత (ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములలోని స్ముర్నయే) లక్షలాది గ్రీకు క్రైస్తవులు గ్రీసు తీరమునకు కొట్టుకొనివచ్చారు. ఉభయ దేశముల జనులను మార్పిడి చేయుటయే మార్గమని నాన్సెన్ గారు సూచించారు. 1923 జనవరిలో లొసాన్ నగరములో ఒప్పందమైనది. టర్కీలోని ఆర్థడాక్సు క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లిములు టర్కీకి బలవంతముగా పోవలెను. మతమే కొలబద్ద, భాష కాదు. టర్కీ భాష తప్ప మరొకటి రాని క్రైస్తవులు అనటోలియా నడిబొడ్డునుండి గ్రీసుకు, గ్రీకు భాష మాట్లాడు క్రీటు ద్వీపపు ముస్లిములు టర్కీకి పంపబడ్డారు. అటు పన్నెండు లక్షలు, ఇటు సుమారు నాలుగు లక్షలు. వారిలో అధికులు ఒప్పందమునకు ముందే పారిపోయి వచ్చినవారనియు, మార్పిడి లేకున్న మిగిలినవారి ప్రాణములు దక్కవనియు ఆయన పక్షమున చెప్పవచ్చును. అది నిజము కావచ్చును. అయినను ఒక మనిషిని అడుగకుండ, వాని పూర్వుల సమాధులున్న ఊరు నీది కాదని ఒడంబడికలో వ్రాయుటను మేము సమర్థించలేము. 1947లో మన దేశ విభజన చూచినవారి సంతతి దీనిని సులభముగా సమర్థించలేరు. ఒక్క మేలు మాత్రము ఒప్పుకొనవలెను. గ్రీసు చేరినవారికి ఆ ఒప్పందము వలననే గ్రీకు పౌరసత్వము లభించినది. గుడారములో ఆకలితో ఉన్నను వారు దేశము లేనివారు కారు. ప్యారిసు నగరములో టాక్సీ నడుపుకొను రష్యనుకు కూడు ఉన్నది గాని దేశము లేదు. ఇద్దరినీ కాందిశీకులనే పిలిచారు.

నాన్సెన్ గారు 1930 మే 13న తమ ఇంటనే మరణించారు. మే 17న, నార్వే రాజ్యాంగ దినమున, ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. మత సంస్కారము లేదు, ప్రసంగములు లేవు. పూర్వము ఆయన భార్య పాడు పాట యొక్క సంగీతము వాయించారు. చితాభస్మమును ఇంటి ఆవరణలో చెట్టు క్రింద ఉంచారు. ఆయన పేరిట వెలసిన కాందిశీకుల కార్యాలయము 1931లో పని ప్రారంభించి, 1938లో అదియు నోబెల్ శాంతి బహుమతి పొందినది.

నాన్సెన్ పత్రములో ఒక లోపము ఉండెను. అది జాతి పేరు చూచి ఇచ్చునది. పట్టికలో రష్యనులు ఉన్నారు, ఆర్మీనియనులు ఉన్నారు. పట్టికలో లేనివాడు ఎంత ఏడ్చినను కాందిశీకుడు కాడు. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చి యూదులు పారిపోయినప్పుడు వారు నాన్సెన్ కార్యాలయపు పరిధిలోనికి రాలేదు. వేరొక హైకమిషనరును నియమించారు. ఆయనకు తగిన అధికారము లేదు. 1935 చివర రాజీనామా చేశారు. తరువాత ఏమి జరిగినదో లోకమంతటికి తెలియును. రెండవ యుద్ధము తరువాత ఐక్యరాజ్యసమితి కాందిశీకుల హైకమిషనరు కార్యాలయము 1951లో పని ప్రారంభించినది. అదే సంవత్సరము జూలై 28న జెనీవాలో ఒడంబడిక కుదిరినది. జాతి, మతము, జాతీయత, ఫలానా సామాజిక వర్గమునకు చెందియుండుట, రాజకీయ అభిప్రాయము అను ఐదు కారణములలో ఏదైన ఒకదానివలన హింస కలుగునని సహేతుకముగా భయపడి స్వదేశము వెలుపల ఉన్నవాడు శరణార్థి అని అందులో నిర్వచించారు. అతనిని ప్రాణభయమున్న చోటికి తిరిగి నెట్టకూడదు. తొలుత అది 1951కి పూర్వపు సంఘటనలకే వర్తించేది. 1967 ప్రొటోకాలుతో ఆ హద్దు తొలగినది.

అయితే ఆ భయము నిజమని ఎవరు తేల్చవలెను? ఇక్కడనే శరణు కోరినవాడు, శరణు పొందినవాడు అను భేదము వచ్చుచున్నది. యెహోషువ గ్రంథము 20వ అధ్యాయమును మన పాఠకులు మరల తెరచి చూడవలెనని కోరుచున్నాము. ఆశ్రయపురమునకు పారిపోయి వచ్చినవాడు మొదట పురద్వారమున నిలిచి పెద్దలకు తన సంగతి చెప్పుకొనవలెను. వారు అతనిని లోనికి తీసికొని చోటు ఇవ్వవలెను. సమాజము ఎదుట విచారణ ఆ తరువాత. విచారణ కాలేదని ద్వారము మూయలేదు. నేటి చట్టము చెప్పునది ఇంచుమించు ఇదే, ఆచరణలో విచారణ సంవత్సరములు సాగుచున్నది, ఆ సంవత్సరములలో చాలచోట్ల పని చేయుటకు అనుమతి ఉండదు. అమెరికా చట్టములో మరొక భేదము గలదు. విదేశములోనుండగానే ఎంపికై వచ్చినవాడు రెఫ్యూజీ, అమెరికా గడ్డపై అడుగుపెట్టి అడిగి పొందినవాడు అసైలీ. భయము ఒక్కటే, నిలిచిన చోటు వేరు.

ఐదు కారణములలో ఏదియు సరిపోనివారి సంగతి ఏమి? ఊరిమీద బాంబులు పడుచున్నవాడు తన మతమును బట్టి పారిపోవుట లేదు, బాంబును బట్టి పారిపోవుచున్నాడు. అట్టివారికి ఐరోపా సమాజము 2004లో ఉపరక్షణ అను హోదాను ఏర్పరచినది. జనము ఒక్కసారిగా పోటెత్తినప్పుడు ఒక్కొక్కరిని విచారించక అందరికి కొంతకాలము రక్షణ ఇచ్చు ఏర్పాటును 2001లోనే వ్రాసిపెట్టి, ఇరువది సంవత్సరములు పెట్టెలో ఉంచి, 2022 మార్చిలో యుక్రెయిను వారి కొరకు మొదటిసారి తెరిచారు. అమెరికాలో 1990 చట్టము ప్రకారము యుద్ధమో, భూకంపమో వచ్చిన దేశమువారిని కొంతకాలము తిరిగి పంపకుండ ఉంచు తాత్కాలిక హోదా గలదు. దానిని పొడిగించవచ్చును, తీసివేయవచ్చును. దానంతట అది స్థిరనివాసమునకు దారి తీయదు. మన పిల్లల హెచ్-1 వీసా గూర్చి గుమ్మములో నిలబడి గంటసేపు చెప్పగల మన తల్లిదండ్రులకు ఈ హోదాల తేడా గ్రహించుట కష్టము కాదని మా నమ్మకము.

ఇక సరిహద్దు దాటనివారు అందరికంటె ఎక్కువ. 2023 చివర లోకములో నిరాశ్రయులుగా తరిమివేయబడినవారు సుమారు 11 కోట్ల 70 లక్షలైతే, వారిలో సగమునకు మించి స్వదేశములోనే వేరొక చోట తల దాచుకొన్నవారు. 1951 ఒడంబడిక వారికి వర్తించదు. వారి కొరకు 1998లో ఐక్యరాజ్యసమితిలో మార్గదర్శక సూత్రములు వచ్చినవి గాని, అవి సంతకములతో కట్టుబడిన ఒడంబడిక కాదు.

మన దేశము 1951 ఒడంబడికపై సంతకము చేయలేదు. అయినను ఆశ్రయము ఇచ్చుచునే వచ్చినది. 1959 నుండి వచ్చిన టిబెట్టు వారికి నమోదు పత్రములు ఇచ్చారు. 1983 తరువాత వచ్చిన శ్రీలంక తమిళులను తమిళనాడు శిబిరములలో ఉంచి భత్యము ఇచ్చారు. ఇతర దేశములనుండి వచ్చిన కొందరి చేతిలో ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయపు కార్డు మాత్రమే ఉన్నది. కాగితముల నాణ్యత ఒక్కటి కాదు. ఒకటి బ్యాంకు ఖాతాకు పనికివచ్చును, మరొకటి పోలీసువాడు ఆపినప్పుడు చూపుటకు మాత్రమే.

చివరగా మనవారి సంగతి. గోదావరి, విశాఖ, శ్రీకాకుళము ప్రాంతములనుండి రంగూను వెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు, మన కోరంగి రేవు పేరునుబట్టి. 1942లో జపానువారు వచ్చినప్పుడు భారతీయులు లక్షలమంది అడవులగుండా అరకాను, మణిపురము దారులలో నడిచి వచ్చారు. దారిలో కలరాకు, ఆకలికి వేలమంది రాలిపోయారు. యుద్ధము తరువాత కొందరు తిరిగి వెళ్లారు. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చి, 1964లో దుకాణములను జాతీయము చేయగా మరల ఓడలెక్కారు. నగలు, సొమ్ము తెచ్చుకొనుటకు అనుమతి దొరకలేదు. తెలుగుదేశము వారిని బర్మా కాందిశీకులన్నది. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేరు నేటికిని ఉన్నది. ప్రభుత్వ దస్త్రములలో మాత్రము వారు శరణార్థులు కారు, స్వదేశమునకు మరలి వచ్చినవారు. ఆ మాట వలననే వారికి ఇంటిస్థలము, వ్యాపారమునకు అప్పు, పునరావాసము, అన్నిటికంటె ముఖ్యముగా ఓటు దక్కినవి. అనగా వారు నాన్సెన్ గారి రష్యనులవంటివారు కాక, లొసాన్ ఒప్పందపు గ్రీకులవంటివారైనారు. కొందరి కుటుంబములు మన సంఘములలోను ఉన్నవి. తాతలు దాచిన పాత కాగితములు పెట్టె అడుగున ఉన్నయెడల వాటిని పారవేయవద్దని వారికి మనవి.

ఓడ ఎక్కనివారు ఉన్నారు. భార్య బర్మా స్త్రీ కావచ్చును, మోన్ రాష్ట్రపు పొలము వదలలేకపోవచ్చును. 1982లో బర్మా ప్రభుత్వము పౌరసత్వ చట్టము చేసి పౌరులను మూడు తరగతులుగా విడదీసినది: పూర్ణ పౌరులు, సహ పౌరులు, స్వీకృత పౌరులు. కార్డుల రంగులు వరుసగా గులాబి, నీలము, ఆకుపచ్చ. ఈ మూడింటిలో ఏదియు దొరకక, విదేశీయుడని నమోదు పత్రము మాత్రమే పట్టుకొని అక్కడనే పుట్టి అక్కడనే ముసలివారైన భారత సంతతివారు గలరు. 1964లో ఒకే తల్లి బిడ్డలలో అన్న ఓడ ఎక్కి, తమ్ముడు రేవున ఉండిపోయినయెడల, అన్న మనుమలు నేడు మన పట్టణములలో ఓటు వేయుచున్నారు. తమ్ముని మనుమల చేతిలో ఏ రంగు కార్డు ఉన్నదో ఆ ఇంటివారు చెప్పవలెను.